మగ్గం గుంత మీద మంచం

నిన్న నేను కర్పూరం ముట్టించి ఎవరికి మొక్కినానో తెలిస్తే మీరు నన్ను ధర్మవరంలో తిరగనీయరప్పా! నవ్వకుండా వినండి.

మాది ఒక్క గది ఇల్లు. అందులో సగం మగ్గం గుంతే, కాళ్లు దించుకుని కూర్చుని నేసేది. నాయనకు మోకాళ్లు పోయినాయని పోయిన నెల మగ్గం తీసేసినాం. "గుంత మాత్రం పూడ్చొద్దురా. మీ తాత ఆడ కూర్చునే పానం ఇడిచినాడు" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. సరే, పూడ్చను, మూత పెడతా అన్నా. ఫోన్‌లో వీడియోలు చూసి, ప్లైవుడ్ తెచ్చి, గుంతను కాస్త వెడల్పు చేసి నేనే బిగించినా. దించితే మంచం, ఎత్తితే కింద సామాన్ల పెట్టె. టూ ఇన్ వన్!

నిన్న మధ్యాహ్నం మూత దించి, గడియేసి, దానిమీద పండుకున్నా. పక్కింట్లో పవర్‌లూమ్‌లు దడదడా కొట్టుకుంటాండాయి.

"నాయన యాడ?" అంటే, "టీ అంగడికి పోయింటాడు" అనింది నా పెండ్లాం పద్మ.

అంతలో కరెంట్ పోయింది. పవర్‌లూమ్‌లు ఒక్కసారిగా ఆగిపోయినాయి. వీధంతా సద్దు లేదు.

టక్... టక్...

నా వీపు కిందనే! ఒక దెబ్బ, కాస్త ఆగి ఇంకో దెబ్బ, అచ్చం మగ్గంలో పోగు మోసే నాడె అటూ ఇటూ పోయినట్టే. ఒక్క ఉదుటున పక్కకు దూకినా.

"మీ తాత! నేస్తాండాడు!" పద్మ గోడకు అతుక్కుపోయింది.

ఆడ మగ్గమే లేదు గదా! చెవి ఆనించినా. లోపల్నుంచి సన్నగా మూలుగు... "ఒరేయ్..."

తాత కూడా నన్ను అట్లనే పిలిచేటోడు!

గడియ తీసే ధైర్యం యాడిది? మూతమీద కర్పూరం ముట్టించి చెంపలేసుకున్నా. "తాతా, తప్పయింది! మగ్గం మళ్లీ పెట్టిస్తా, మమ్మల్ని ఏం చేయొద్దు!"

"మగ్గం తర్వాత పెడుదువులే, ముందు మూత తియ్‌రా ఎదవా! ఊపిరాడక సస్తాండా!"

నాయన!

గడియ లాగి మూత ఎత్తినా. చెమటతో తడిసి ముద్దయినాడు మనిషి. ఎండకు తాళలేక, చల్లగా ఉంటుందని గుంతలో దిగి నిద్రపోయినాడంట. నేను లోపలికి చూడకుండానే మూసేసినా. జన్మంతా ఆ దడదడలోనే పండుకున్నాడు గదా, సద్దు ఆగితేనే మెలకువ వచ్చి మూత కొట్టినాడు. కరెంట్ పోకపోయింటే?

చెంబెడు నీళ్లు తాగి నాయన అన్నాడు: "పని బాగుండాది రా. బెజ్జాలు పెట్టి, గడియ లోపలి పక్కకు మార్చు."

మార్చినా. ఇప్పుడు లోయర్ బెర్త్ నాయనది, అప్పర్ బెర్త్ నాది. సామాన్లన్నీ వాకిట్లో ఉండాయి.