లూ మాస్టారు రాసిన బోర్డు

ఒకప్పుడు మా వీధిలో బోర్డులన్నీ ఒకే చేతిరాత. కింద సంతకం కూడా ఒకటే: లూ యెన్‌చింగ్. మందుల కొట్టు, బట్టల కొట్టు, చివరికి శవపేటికలు చేసేవాడి కొట్టుకు కూడా ఆయన కుంచే పేరు రాసింది. నా మగడు పోయి నేను నూడుల్స్ కొట్టు పెట్టుకున్నప్పుడు ఆయన బడిపంతులు. డబ్బు ముట్టకుండా నిలువు బోర్డు రాసిచ్చాడు. ఆ మేలు నేను మరిచిపోలేదు.

తర్వాత జపాన్‌వాళ్ళు వచ్చారు. నాన్‌జింగ్‌లో వాళ్ళు కూర్చోబెట్టిన ప్రభుత్వం మా ఊరికి ఒక అధిపతిని వెతికితే, మాస్టారు తల ఊపాడు.

“నేను కాకపోతే ఎవడో రౌడీ కూర్చుంటాడు వదినా. నేనైతే కాస్త అడ్డం పడతాను కదా.”

“అడ్డం పడితే తొక్కుకుంటూ పోతారు మాస్టారూ,” అన్నాను.

నవ్వేశాడు. మొదట్లో నిజంగానే అడ్డం పడ్డాడు. తర్వాత జపాన్ సైన్యానికి కొలవాల్సిన బియ్యం లెవీకి సంతకం పెట్టాడు. ఆ తర్వాత, బియ్యం దాచారని రెల్లుపాయ పల్లె మగవాళ్ళను లారీ ఎక్కించమనే ఉత్తర్వు మీదా పెట్టాడు. ఒక్కడూ తిరిగి రాలేదు. ఆ పల్లె ఆడవాళ్ళు కూరలమ్మడానికి ఊళ్ళోకి వచ్చినా, మా వీధి బోర్డుల కింద నడవడం మానేశారు. చుట్టు తిరిగి పోయేవాళ్ళు.

జపాన్ ఓడిపోతోందని రేడియో లేని మాకూ తెలిసింది. ఎలాగంటే, బోర్డులు దిగడం మొదలైంది. మందుల కొట్టువాడు రంగు వేయించాలన్నాడు. బట్టల కొట్టువాడు చెద పట్టిందన్నాడు.

“చూశావా వదినా, నా అక్షరాలకు కొత్త పూత పెట్టిస్తున్నారు,” అన్నాడు మాస్టారు. నమ్మాడో, నమ్మినట్టు నటించాడో. దిగినవేవీ మళ్ళీ ఎక్కలేదు. చివరికి నాదొక్కటే మిగిలింది.

ఒక సాయంత్రం ఆయన భార్య పెయ్‌జెన్ పెరటి దారిన వచ్చింది.

“పడవ మాట్లాడాను వదినా. రేపు పొద్దున్నే. షాంఘైలో మా అన్న దాస్తానన్నాడు. ఈయనేమో కదలడు. ‘వదిన బోర్డు ఉంది కదా, ఊరికి నా మీద కోపం లేదు’ అంటాడు. నీ కాళ్ళు పట్టుకుంటా, అది దించెయ్.”

“మేలు చేసినవాడి బోర్డు నన్ను దించమంటావా?”

“ఆ మనిషి బతకాలంటే దించు.”

దించాను.

తెల్లారి పొగమంచులో మాస్టారు రోజూలాగే నూడుల్స్‌కు వచ్చాడు. ఖాళీ మేకుల వైపు చూశాడు.

“నేనే దించాను,” అన్నాను. “పెయ్‌జెన్ రేవులో ఉంది. పదండి.”

“సరే, పోతాను. ఆ బోర్డు ఇటివ్వు.”

“మతిపోయిందా మాస్టారూ! అది చంకన పెట్టుకుని పోతే గుడ్డివాడు కూడా గుర్తుపడతాడు.”

“నాది ఊళ్ళో అదొక్కటే మిగిలింది వదినా.”

గోనె చుట్టి పట్టుకుపోయాడు. వెనకనుంచి అరిచాను, తిట్టాను. తిరిగి చూడలేదు.

రేవులో రెల్లుపాయ ఆడవాళ్ళు కూరల బుట్టలు దించుతున్నారు. ఆయన ముఖం వాళ్ళెప్పుడూ దగ్గర్నుంచి చూడలేదు. పైగా పాత కోటు, టోపీ. ఒక కాలు పడవలో పెట్టేసరికి గోనె జారింది. చదువు రాకపోయినా ఆ రాత వాళ్ళకు బాగా తెలుసు. ఒకామె వచ్చి పడవ తాడు పట్టుకుంది. తర్వాత అందరూ పట్టుకున్నారు. పెయ్‌జెన్ ఎంత వేడుకున్నా ఒక్కరూ వదల్లేదు.

జపాన్ లొంగిపోయాక వచ్చిన ప్రభుత్వం ఆయన్ని పట్టుకుంది. చలికాలంలో తుపాకీతో కాల్చేముందు ఊరంతా తిప్పారు. నేరం రాసిన పలక వీపుకు కట్టడం మా దగ్గర పాత అలవాటు. కొత్త చెక్క దండగనుకున్నారేమో, నా బోర్డునే తిరగేసి, వెనకవైపు ‘దేశద్రోహి’ అని రాశారు. కోడి కెలికినట్టుంది. మా కొట్టు ముందుకొచ్చినప్పుడు ఆయన తలెత్తాడు.

“వాళ్ళు రాస్తుంటే చూశాను వదినా,” అన్నాడు. “అక్షరం కుదర్లేదు.”

భోరుమని ఏడ్చాను. ఆయన కోసమో, ఆ లారీ ఎక్కినవాళ్ళ కోసమో నాకే తెలియలేదు.

మర్నాటి నుంచి రెల్లుపాయ ఆడవాళ్ళు మా వీధిలోంచే వస్తున్నారు. నా కొట్టుకు ఇప్పటికీ బోర్డు లేదు.