విద్యార్థి పురోగతికి మూడు గడులు

కోరుట్లలో మా డిగ్రీ కాలేజీకి గ్రేడు ఇచ్చే బృందం రాబోతోందని తెలిసిన రోజు, ప్రిన్సిపాల్ గారు నన్ను గదిలోకి పిలిచి, చదువు ముగించి వెళ్లిన పిల్లలందరికీ ఫోన్లు చేయమన్నారు. నేను అక్కడే చదివి, అక్కడే వృక్షశాస్త్రం చెప్పే గెస్ట్ లెక్చరర్‌ని. మొక్కలకూ ఫోన్లకూ సంబంధమేమిటని అడిగాను.

"మీరు జగిత్యాల దుకాణపోళ్ల బిడ్డ గద మేడమ్. బేరం జెయ్యాలంటే ఈ స్టాఫ్‌ల మిమ్ముల మించినోళ్లు ఎవరున్నరు? మొన్న ప్రింటర్ బాగుచేసెటోడు ఏడ్సుకుంట వోయిండు" అన్నారాయన.

ఏడవలేదు గానీ ముఖం మాడ్చుకుని వెళ్లిన మాట నిజమే. జగిత్యాల టవర్ దగ్గర మా నాన్నకు స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. లోపలికి వచ్చినవాళ్లలో ఎవరు కొంటారో, ఎవరు ఎండకు కాసేపు నీడపట్టున నిలబడటానికి వచ్చారో నాకు అక్షరాలు రాకముందే తెలిసేది. కొత్తిమీర కట్ట దగ్గరా బేరమాడతాను, ఆటో దగ్గరా బేరమాడతాను. నా పెళ్లిలో తాళి కట్టించుకోబోతూ ఫొటోగ్రాఫర్‌ని ఆల్బమ్‌లో ఇంకో నాలుగు పేజీలు వేయమన్నానని మా అత్తగారింట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పొగడ్తకు పడిపోయే గిరాకీలను చూసి చిన్నప్పుడు నవ్వుకునేదాన్ని. ఆ రోజు ప్రిన్సిపాల్ గారి పొగడ్తకు నేనూ అలాగే పడిపోయి, జాబితా పట్టుకుని బయటికి వచ్చాను.

పని చూడటానికి సులువే. మా దగ్గర చదివినవాళ్లు తరువాత ఏమయ్యారో చూపించాలి. దాని పేరు విద్యార్థి పురోగతి. పట్టికలో మూడు గడులున్నాయి: పై చదువు, ఉద్యోగం, స్వయం ఉపాధి. ఇంట్లో కూర్చున్నవాళ్లకు గడి లేదు. కూలికి పోయేవాళ్లకూ లేదు. గడిలో వేసిన ప్రతి మనిషికీ ఒక ఆధారం ఉండాలి, ఐడీ కార్డో ఫొటోనో. గడులు నిండితే కాలేజీకి మంచి గ్రేడు వస్తుంది, అదే సంఖ్య అడ్మిషన్ల ఫ్లెక్సీ మీదకూ ఎక్కుతుంది. నిండకపోతే, అప్పటికే పిల్లలు చేరక చిక్కిపోతున్న మా బాటనీ గ్రూపు ఎత్తేస్తారు. గ్రూపు పోతే పర్మినెంటు వాళ్లను బదిలీ చేస్తారు. మాలాంటి వాళ్లను తీసేస్తున్నట్టు కూడా చెప్పరు, రమ్మని ఫోన్ చేయడం మానేస్తారంతే.

మొదట దొరికినవాడు మస్కట్‌లో ఉన్నాడు.

"బండ్లు కడుగుతున్న మేడమ్. మీరు మంచిగున్నరా?"

"కంపెనీల జేసుడేనా?"

"కంపెనీయే."

"మెడల కార్డు ఏసుకుంటవా?"

"అది లేకుంటే గేట్లకు గూడ రానియ్యరు."

"దాని ఫొటో పంపు. నీది విదేశీ కొలువు."

 అవతల వాడు పగలబడి నవ్వాడు. "గా ముక్క మా అవ్వకు గూడ జర ఫోన్ జేసి జెప్పుండ్రి మేడమ్. గల్లీ గల్లీ తిరిగి జెప్పుకుంటది."

మల్యాల కుర్రవాడు ఖాళీగానే ఉన్నానన్నాడు. ఖాళీ అనే మాట వింటేనే మా దుకాణాల వాళ్లకు పుట్టుకతో గిట్టదు.

"ఖాళీ అనకు. ఇంట్ల ఏమున్నయి?"

"ఏముంటయి, రెండు బర్లున్నయి."

"పాలు అమ్ముతరా?"

"ఒకటి ఒట్టిపోయింది."

"రెండోది?"

"అది మా నాయినది."

"పిండెటోళ్లెవరు?"

"నేనే."

"అయితే డెయిరీ నీది."

"మా నాయిన ఇంటే తంతడు మేడమ్!"

వాణ్ని స్వయం ఉపాధిలో వేశాను. ఫొటోలో ఒట్టిపోయిన బర్రె కూడా నిండుగానే కనిపించింది. సాయంత్రానికి గొంతు పోయేది, గడులు నిండేవి. సిగ్గుపడాల్సింది. పడలేదు. పండగ ముందు దుకాణంలో గిరాకీ విరగబడినప్పుడు ఎలా ఉండేదో అలా ఉండేది లోపల. బేరానికి లొంగనివాళ్లు ఆడపిల్లలే. వాళ్ల ఫోన్లు మొగుళ్లో అత్తలో ఎత్తేవారు. "గామె పొలంల నాటుకు వోయింది. ఏం పని?" అని అడిగేవారు. పురోగతి కోసం అని నేను చెప్పలేకపోయేదాన్ని.

తరువాత ప్రిన్సిపాల్ గారు గ్రూపుకొక విజయగాథ కావాలన్నారు, పెద్ద ఫొటోతో, వరండాలో గోడకు పెట్టడానికి. మా గ్రూపులో నాకు వెంటనే గుర్తొచ్చింది ఒక్కతే. మల్లాపూర్ నుంచి బస్సులో వచ్చేది. తండ్రి లేడు, తల్లి బీడీలు చేసేది. ల్యాబులో మిగతా పిల్లలు కాండాన్ని కూరకు ఉల్లిగడ్డ కోసినట్టు కోసేవారు. ఆ అమ్మాయి బ్లేడుతో తీసిన ముక్క నీళ్లలో వేస్తే ఎక్కడుందో కనిపించేది కాదు, అంత పలచన. ఎమ్మెస్సీ సీటు కూడా వచ్చింది. సీటు వచ్చిన రోజుల్లోనే సంబంధమూ వచ్చింది, వాళ్ల అమ్మ సంబంధాన్నే ఎంచుకుంది. పెళ్లికొడుకు సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసేవాడు.

ఫోన్ చేస్తే, "ఫోన్ల గాదు మేడమ్. ఒకపారి మా ఇంటికి రాండ్రి. నాకు గూడ మీతోని మాట్లాడేదున్నది" అంది.

ఆదివారం వేములవాడ మీదుగా సిరిసిల్ల వెళ్లి, అక్కడి నుంచి ఆటోలో తంగళ్ళపల్లి చేరాను. ఒకే గది. పక్కింట్లో మగ్గాలు ఆగకుండా ఆడుతుంటే మేమిద్దరం కొంచెం అరుస్తూనే మాట్లాడుకోవాల్సి వచ్చింది. ఆమె చాయ్ పెట్టింది. దగ్గర్లోని కుట్టు కంపెనీలో పనిచేస్తోందట. కుట్టిన అంగీలకు వేలాడే దారాలు కత్తిరించే పని. గోడకు కంపెనీ కార్డు వేలాడుతోంది. మూలన ఒక కుట్టుమిషన్, దాని మీద బట్ట కప్పి ఉంది.

"మిషన్ ఉన్నది గద. జాకెట్లు కుడుతవా?" అని మొదలుపెట్టాను.

"పక్కింటోళ్లయి, ఎప్పుడన్న ఒకటి."

"చాలు. దాని ముంగట కూసో. ఒక్క ఫొటో."

"ఉద్యోగమని రాస్కోండ్రి మేడమ్. కార్డు గూడ ఉన్నది."

"ఉద్యోగమైతే నలుగుర్ల ఒకదానివి. సొంత కుట్టు కేంద్రం అయితే పెద్ద ఫొటో వడ్తది."

"పెద్ద ఫొటో నేనేం జేసుకోను?" అంది నవ్వుతూ. ఆ నవ్వులో ఎగతాళి లేదు. బేరాల అలవాటు కొద్దీ లేచి వెళ్లబోయినట్టు నటించాను. ఆమె నన్ను ఆపలేదు. మళ్లీ కూర్చున్నాను.

కాసేపటికి తనే అంది. "సరే మేడమ్, కూసుంట. మీకెట్ల కావాల్నో గట్లనే రాస్కోండ్రి. గానీ నేనొకటి అడుగుత. నిజం జెప్పాలె."

"అడుగు."

"మా చెల్లె ఇంటర్ అయింది. ఈడికి తెచ్చుకుంటే మా కంపెనీల పెట్టుకుంటమన్నరు. అదేమో మీ దగ్గర బాటనీ జదువుత అంటున్నది. కోరుట్ల బస్టాండ్‌ల మీ ఫ్లెక్సీ జూశిందట. జదివినోళ్లందరు కొలువుల్ల ఉన్నరని రాసిన్రట గద. జేర్పియ్యాల్నా, వద్దా? ఈ వారంల తేల్సాలె."

నాకు మాటలు సిద్ధంగానే ఉన్నాయి. ల్యాబు బాగుంటుంది, బస్‌పాస్ ఉంటుంది, ఇంటి నుంచే వచ్చిపోవచ్చు. మా గ్రూపు బతకాలంటే ఒక్క పిల్ల కూడా ఒక్క పిల్లే. నోరు తెరిచేలోపే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఫ్లెక్సీ మీది మాట గాదు మేడమ్. మీ మాట."

"నీ లెక్కనే జదువుతదా?"

"నాకన్న మంచిగ."

ఆ మాటతో నాలోని దుకాణం మూతపడింది. "గా ఫ్లెక్సీ మీది కొలువులు నేను ఫోన్ల తయారుజేసినయే" అన్నాను. "బండ్లు కడిగెటోడున్నడు, బర్రె పిండెటోడున్నడు. రేపట్నుంచి నువ్వుంటవు. మా దగ్గర బాటనీ జదివి బాటనీ మీద బతికేది నేనొక్కదాన్నే, నాది గూడ ఏ యేడుకాయేడే. నడుమల గ్రూపే ఎత్తేస్తరో ఏమో. నర్సింగ్ దొరికితే గది జూడు."

"దొరకలే."

"అయితే..." అన్నాను. కంపెనీలో పెట్టు అని నోరు రాలేదు.  ఆమె లేచి మిషన్ మీది బట్ట తీసి, కొంగు సవరించుకుని కూర్చుంది. నేను ఫొటో తీశాను. బస్సు దాకా తోడు వచ్చింది. చెల్లె మాట మళ్లీ ఎత్తలేదు.

తిరుగు బస్సులో మనసు తేలికగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక వచ్చిన గిరాకీని వెనక్కి పంపింది అదే మొదటిసారి అనుకున్నాను.

అడ్మిషన్ల చివరి రోజుల్లో ఒక పొద్దున ఆ చెల్లెలు సర్టిఫికెట్ల కవరు పట్టుకుని స్టాఫ్ గది గుమ్మంలో నిలబడింది. "మా అక్క పంపింది మేడమ్" అంది. వరండాలోకి వెళ్లి వాళ్ల అక్కకు ఫోన్ చేశాను.

"గంత జెప్పిన గద. మళ్ల ఎందుకు పంపినవ్?"

"గందుకే పంపిన మేడమ్. మీ దాంట్ల లోపం మీరే జెప్పిన్రు. ఎవలు జెప్తరు గట్ల? గసొంటోళ్ల చేతుల ఉంటే దానికి మంచిదని మా అవ్వతోని కొట్లాడి పంపిన."

ఫోన్ పెట్టేశాను. మా నాన్న ఒక పని చేసేవాడు. తెలివైన గిరాకీ వస్తే, తానే ఒక గిన్నె తీసి, "ఇది కొనకు, అడుగు పలచన" అని పక్కన పెట్టేవాడు. ఆ తరువాత ఆయన ఏది చేతికిచ్చినా వాళ్లు తిప్పి చూసేవాళ్లు కాదు. నేను ఆ పక్కనే కూర్చుని పెరిగాను. తంగళ్ళపల్లిలో నేను చెప్పింది నిజమే, అక్షరం అక్షరం నిజం. కానీ చెప్పింది నిజం కోసమా, లేక నా నోరు దానికి తెలిసిన పని తాను చేసుకుపోయిందా అన్నది ఎంత వెతికినా నాకు దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. దొరికినా ఆ పిల్లకు ఒరిగేదేమీ లేదు. చెల్లెలు కాలేజీకి రావడంతో కంపెనీలో ఆమెకు దొరకాల్సిన చోటు అప్పటికే ఇంకెవరికో వెళ్లిపోయింది.

ఆమె చేరికతో మా గ్రూపు ఆ ఏడాదికి బతికింది. బృందం వచ్చింది, గడులు చూసింది, బాగుందన్నది. గ్రేడు పెరిగింది. ప్రిన్సిపాల్ గారు అందరి ముందూ నా పేరు చెప్పి శాలువా కప్పారు. శాలువా మంచిది కాదు, పట్టుకోగానే తెలిసింది, దారం ఊడివస్తోంది.

క్లాసులు మొదలైన వారంలో ఆ అమ్మాయి వరండాలో గోడ ముందు నిలబడి కనిపించింది. మిషన్ ముందు కూర్చున్న అక్క ఫొటో కిందున్న అక్షరాలు చదువుతోంది.

"అక్కకు సొంత కుట్టు కేంద్రమున్నదని రాసిన్రు మేడమ్."

"రాసినం."

"అక్క దారాలు కత్తిరిస్తది గద."

"అవును."

ఆమె ఫొటో వైపు ఇంకాసేపు చూసింది. "మరి నా కింద ఏం రాస్తరు?"

"ఇంకా మూడేండ్లున్నది గద. పా, క్లాసుకు ఆలస్యమైతది" అన్నాను.

"అక్క జేరినప్పుడు గూడ మీరు గట్లనే జెప్పిన్రట" అంది. గొంతులో కోపం లేదు. ఉన్న విషయం చెప్పినట్టు చెప్పి, పుస్తకం చంకలో పెట్టుకుని క్లాసులోకి వెళ్లిపోయింది. నేను హాజరు పట్టీ తీసుకుని ఆమె వెనకే వెళ్లాను.