మూడో తరగతి కట్ట

పోస్టమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని వాడంతా అంటుంది. చెరువు మట్టికట్ట దిగువనున్న అరవై మూడు గడపలకూ పందొమ్మిదేళ్లుగా ఉత్తరాలు పంచుతున్నది ఆమే. ఏ ఇంటి కుక్క మీద పడుతుందో, ఏ ముసలావిడకు ఉత్తరం చదివి వినిపించాలో ఆమెకు కొట్టినపిండి.

కట్ట కాపలాదారు ఆమె తమ్ముడే. వానలు మొదలైన వారానికి అక్కను కట్ట కిందికి తీసుకెళ్లాడు. వాలు అడుగున బురద ఉబ్బి, అందులోంచి నీళ్లు ఊరుతున్నాయి. గ్లాసుతో పట్టి చూపించాడు. ఎర్రగా, చిక్కగా ఉన్నాయి.

"తేటగా ఊరితే భయం లేదక్కా. మట్టి కలిసొస్తోందంటే నీరు కట్టను లోపల్నుంచి తినేస్తోందన్నమాట. నాలుగుసార్లు రాసిచ్చాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు."

ఆమె భుజాన సంచీతోనే నీటిపారుదల ఆఫీసుకు వెళ్లింది. ఇంజనీరు మర్యాదస్తుడు. కుర్చీ చూపించి ఫైలు తెరిచాడు.

"మీ తమ్ముడు రాసినవన్నీ ఉన్నాయమ్మా. కానీ అది మూడో తరగతి కట్ట. ఒకటో తరగతివి ముందు చూడాలి కదా."

"మూడో తరగతంటే గట్టిదనా?"

"గట్టిదా కాదా అని కాదు. తెగితే కింద ఎంత నష్టమన్నదాన్ని బట్టి తరగతి. దీని కింద..." వేలు పెట్టి చదివాడు. "నివాసాలు లేవు. బీడు."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అయితే ఇన్నేళ్లూ నేను దయ్యాలకు ఉత్తరాలు పంచుతున్నానా సార్?"

"సర్వే ముప్పై ఏళ్ల కిందటిదమ్మా. మార్చాలంటే అక్కడ మనుషులున్నట్టు కాగితం కావాలి."

"నడిచొస్తే పది నిమిషాలు. కళ్లు చాలవా?"

"కళ్లను ఫైల్లో పెట్టలేం కదా," అని నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు ముల్లులా దిగింది.

నాలుగు రోజులు, పని ముగించుకుని ప్రతి గడపా ఎక్కింది. ఇంట్లో ఎంతమంది, మంచం పట్టినవాళ్లెవరు, చంటిపిల్లలెందరు, అన్నీ రాయించింది. రాయడం రానివాళ్లకు తనే రాసి వేలిముద్ర వేయించింది.

దర్జీ విసుక్కున్నాడు. "ఒక్క అర్జీ మీద అందరం సంతకాలు పెడితే పోలా?"

"ఒక్క కాగితమైతే ఒక్క మూల పడేస్తారు. గడపకొకటి రిజిస్టర్ పోస్టు చేద్దాం. ఒక్కోదానికీ సంతకం పెట్టి తీసుకోవాలి వాళ్లు."

ఐదో రోజు అరవై మూడు కవర్లూ ఇంజనీరు బల్ల మీద పెట్టింది.

"అన్నిటికీ కలిపి ఒకటే సంతకం పెడతానమ్మా."

"కుదరదు సార్. రూల్సు మీకొక్కరికేనా?"

ఒక్కో కవరూ అందిస్తూ చెప్పింది. "తాపీమేస్త్రి ఇల్లు, ఆరుగురు. ఒకరికి నడక లేదు... కవలపిల్లల తల్లి, నలుగురు... ఒంటరి ముసలావిడ, చెవులు వినపడవు, కేకేసినా లేవదు." ఇరవై దాటేసరికి ఆయన నవ్వు మాయమైంది. నలభై దగ్గర తలెత్తడం మానేశాడు. ఆ సాయంత్రమే కట్ట కిందికి వచ్చి, తమ్ముడి చేతిలోని గ్లాసు తీసుకుని చాలాసేపు చూశాడు.

మర్నాడు తూము ఎత్తించి నిలువెత్తు నీరు తగ్గించారు. రెండు వారాలకు కట్ట ఒకటో తరగతిలోకి ఎక్కింది. నెలాఖరున కుండపోత కురిసింది. నీళ్లు తగ్గించి ఉండబట్టే కట్ట నిలిచిందని తమ్ముడు ఈనాటికీ అంటాడు. వేసవిలో ఇసుకా కంకరా పొరలుగా పోసి ఊటను కట్టడి చేశారు.

పోస్టమ్మకు మాత్రం తపాలా శాఖ పైఅధికారుల నుంచి తాఖీదు వచ్చింది. జనాన్ని రెచ్చగొట్టి ఉత్తరాలు రాయించినందుకు సంజాయిషీ ఇమ్మన్నారు. "చిరునామా సరిగ్గా ఉంది. అందజేశాను," అని రాసిచ్చింది. ఊరికి అవతలి కొసకు మార్చేశారు.

వాడవాళ్లు ఎదురుపడి చేతులు జోడిస్తే ఇప్పటికీ కసురుతుంది.

"నాకెందుకర్రా దండాలు? మనం బతికున్నామని మనమే రుజువు చూపించుకోవాల్సొచ్చింది. అది తలుచుకుంటే మీకు మండదూ?"