కుండ కింద పడుకున్న సీసా

మంచినీళ్ళ కుండ కింద, తడి ఇసుకలో, సీసా ఆకారంలో ఒక గుంట కనిపించింది. సీసా మాత్రం లేదు. చేతిలో గ్లాసుతో, దాహం సంగతి మరిచిపోయి అలాగే నిలబడిపోయాను. ఆ రోజుల్లో నాకు కంగారు పడడానికి కారణం అక్కర్లేదు. పిల్లలు అరిస్తే ఎందుకు అరుస్తున్నారని, అరవకపోతే ఏ కొంప ముంచుతున్నారని కంగారు. అలాంటిదానికి, రోహిణి కార్తెలో, బెజవాడలో, వైన్ సీసాని కాపాడే పని అప్పజెప్పారు మావారు. అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ జాలీ, నవ్వూ కలిసి వస్తాయి.

సీసా మాది కాదు. మావారు ఆటోనగర్‌లో ట్రాక్టర్ల స్పేర్ పార్టుల కొట్టులో పనిచేసేవారు. ఓనరుగారు విదేశం నుంచి వస్తూ దాన్ని తెచ్చుకున్నారు. కంకిపాడులో కొత్త కొట్టు తెరిచిన సాయంత్రం తాగాలని ఆయన ముచ్చట. "మా ఇంట్లో పెడితే నా బావమరుదులు బిరడా కూడా మిగల్చరయ్యా. నువ్వు ముట్టవుగా, నీ దగ్గరుంచు. చీకట్లో, చల్లగా పడుకోబెట్టాలి. కదపకూడదు. పాడవకుండా చూశావంటే కొత్త కొట్టు తాళాలు నీకే" అన్నారట. (తాళాలివ్వడానికి ఇంకే పరీక్షా దొరకలేదు కాబోలు!)

"ఫ్రిజ్‌లో పెడదామండీ" అన్నాను. "మన ఫ్రిజ్ ఆగినప్పుడల్లా దాని మీద గ్లాసులు గంతులేస్తాయి. పైగా అమ్మ చూసిందంటే ఇంకేమన్నా ఉందా?" అన్నారు. మంచం కింద వేడి, బీరువాలో ఉడుకు. చంటిపిల్లలా చంకనేసుకుని ఇల్లంతా తిరిగాక, చివరికి నా బీయస్సీ చదువు అక్కరకొచ్చి, కుండ గుర్తొచ్చింది. ఎప్పుడూ తడిగా ఉండే ఆ ఇసుక కన్నా చల్లని చోటు మా ఇంట్లో లేదు. అందులో సీసాని అడ్డంగా పాతిపెట్టాను. పిల్లలిద్దరూ చూడనే చూశారు. "పాపాయి నిద్రపోతోంది, లేపకండి, ఎవరికీ చెప్పకండి" అన్నాను. ఆపైన ఏ పని చేస్తున్నా మనసు కుండ దగ్గరే. మాటిమాటికీ వెళ్ళి నీళ్ళు చల్లి వచ్చేదాన్ని.

ఇప్పుడా పాపాయి లేదు. కొట్టు ప్రారంభమేమో ఆ సాయంత్రమే!

"అత్తయ్యగారూ, ఇక్కడ ఇసుకలో..."

"అదా? మేడ మీద పెట్టానమ్మాయ్" అన్నారు మా అత్తగారు, మామిడికాయ చెక్కు తీస్తూ. "ఇసుక మారుద్దామని తవ్వితే కనబడింది. ద్రాక్షగుత్తి బొమ్మ ఉందిగా, ద్రాక్షరసమేగా? చదువుకున్నదానివి, ఊరేదాన్ని చెమ్మలో పెడతావుటే? బూజు పట్టదూ? మాగాయ ముక్కలతో పాటు ఎండలో పెట్టా. నాలుగెండలు తగిలితే ఏడాది నిలవుంటుంది."

ఆవిడ పెట్టిన పచ్చడి ఏనాడూ బూజు పట్టి ఎరగదు. చెప్పులు లేకుండానే మేడెక్కాను. అరికాళ్ళు చుర్రుమన్నాయి. చాప మీద మాగాయ ముక్కల మధ్య సీసా నిటారుగా నిలబడి ఉంది. బిరడా సగం పైకి లేచింది. పక్క నుంచి ఎర్రటి చార. కర్రలతో కాకుల్ని తోలుతున్న పిల్లలిద్దరూ నన్ను చూసి బెదిరిపోయారు. "అమ్మా, పాపాయి తనే లేచింది, మేం లేపలేదు" అన్నాడు పెద్దవాడు.

సీసాని కొంగులో చుట్టుకుని ఒక్క పరుగున కిందికి దిగాను. పులిసిన చింతపండు వాసన. అప్పడాల కర్రతో బిరడాని లోపలికి కొట్టి, మళ్ళీ ఇసుకలో పడుకోబెట్టాను. సాయంత్రం మావారు ఏమీ తెలియకుండానే దాన్ని పట్టుకెళ్ళారు. చెబుదామనుకుంటూనే, సీసాకంటిన ఇసుక కొంగుతో తుడిచి చేతికిచ్చాను. ఆయన తిరిగొచ్చేదాకా వాకిట్లోకీ వంటింట్లోకీ తిరుగుతూనే ఉన్నాను.

వచ్చారు, చేతిలో తాళాల గుత్తి గలగలలాడిస్తూ. "ఓనరుగారు ఒక్క గుక్క తాగి కళ్ళు మూసుకున్నారే. నా పని అయిపోయిందనుకున్నా. 'ఇదీ సరుకంటే! ఈ పులుపు మన దగ్గర దొరుకుతుందటయ్యా?' అని అందరికీ తలా కాస్త పోశారు. భలే కాపాడావులే!"

మర్నాడు పొద్దున్న పిల్లలిద్దరూ మళ్ళీ కర్రలు పట్టుకుని మేడ మెట్లెక్కబోతున్నారు. ముక్కులు కమిలిపోయి ఉన్నాయి. మెడల నిండా చెమటకాయలు. నిన్న నేను సీసాని కొంగులో చుట్టుకుని దిగినప్పుడు వీళ్ళిద్దరూ ఆ ఎండలోనే ఉన్నారు.

రెక్కలు పట్టుకుని ఆపి, కుండ పక్కన చాప వేశాను. "కాకుల్ని నేను తోలుకుంటాను. ఎండ చల్లబడేదాకా మీరిక్కడే పడుకోవాలి. కదలకూడదు."

"పాపాయిలాగానా?" అన్నాడు చిన్నవాడు.

"అవున్రా, పాపాయిలాగే" అని చెప్పి, ఇద్దరి మీదా కాసిని చన్నీళ్ళు చల్లాను.