ధర్మసాగర్ అవతల, పాచి పట్టిన గుట్ట మీద

ఉదయం ఆరుంపావుకు హన్మకొండలో బస్సెక్కాం, నేనూ మా ఆవిడ కమలా. మంచాన పడ్డ మా అమ్మకు నాలుగేళ్లు కమల ఒక్కతే చేసింది. అమ్మ పోయి మూడు నెలలైంది. అయినా కమలకు నిద్ర సరిగా పట్టడం లేదు. "ఏదన్న గుట్ట ఎక్కుదామండి, ఇంట్ల ఊపిరాడతలేదు" అంది. బట్టల దుకాణం మూసి బయల్దేరాను.

ధర్మసాగర్‌లో దిగి, ఇడ్లీ తిని, షేర్ ఆటోలో గుట్ట దగ్గరికి చేరేసరికి ఎనిమిదైంది. మోదుగు విరగబూసి ఉంది. మొన్నటి అకాల వానకు బండల మీద ఎండిన పాచి మళ్లీ పచ్చబడింది. దారి నిట్టనిలువు. పది అడుగులకోసారి ఆగాల్సి వచ్చింది.

హోలీ రంగుకు మోదుగు పూలు ఏరుతున్న ఒక ముసలమ్మ మమ్మల్ని చూసి, "పాచి మీద కాలు పెట్టకుండ్రి బిడ్డా. గడ్డి పట్టుకొని జర పైలంగ పోండ్రి" అంది.

తొమ్మిదిన్నరకు శిఖరం కింది చివరి బండ దగ్గర నా కాలు జారింది. మోచెయ్యి గీసుకుపోయింది. పక్కనే లోయ. లేచి నిలబడ్డాను కానీ కాలు ముందుకు పడలేదు.

"మోకాళ్లు నొస్తున్నయి. దిగుదాం పా" అన్నాను.

"మీరు కూసోండి. నేను పోయొస్త."

"నీతోని కాదు కమలా!"

ఆమె చెప్పులు విప్పి చేత పట్టుకుని, కొంగు నడుముకు చుట్టి, బండ వార గడ్డి పట్టుకుంటూ మలుపు తిరిగిపోయింది.

నీళ్లసీసా నా దగ్గరే ఉండిపోయింది. పది దాటింది. పిలిచాను, గాలికి నా గొంతు నాకే వినిపించలేదు. ఫోన్‌కు సిగ్నల్ లేదు. రెండుసార్లు బండ మీద చెయ్యి ఆనించి, రెండుసార్లూ వెనక్కి తీసుకున్నాను. పదిన్నర దాటాక ఆమె చీరంచు కనిపించింది. వచ్చి సగం సీసా నీళ్లు తాగి, "నడువుండ్రి" అంది. అంతే.

దిగడానికి రెండు గంటలు పట్టింది. ఒంటిగంట బస్సులో సీట్లు దొరికాయి. కాళ్లు రాళ్లలా ఉన్నాయి. ఆ గుట్టకు వెళ్లాలనుకునేవారు వాన పడిన వారంలో వెళ్లకండి. పట్టున్న బూట్లు వేసుకోండి. నీళ్లు ఎవరివి వారే మోసుకోండి.

"పైన ఏం కనబడ్డది?" అని అడిగాను.

"చెరువు. ఎండల తళతళ మెరుస్తాంది."

"అంతసేపు అదే చూసినవా?"

"లేదు. మీరొస్తరేమో అని కూసున్న."

బస్సు కాజీపేట దాటింది.

"మోకాళ్లు కాదు కమలా," అన్నాను, "భయమైంది."

"తెల్సు," అంది. తల కిటికీకి ఆనించి కళ్లు మూసుకుంది. హన్మకొండ వచ్చినా లేవలేదు. నేనూ లేపలేదు. కండక్టర్ వచ్చి పిలిచేదాకా పడుకోనిచ్చాను.