గులాబీ రంగు బూట్లు

బూట్ల దుకాణంలో "ఎవరికమ్మా?" అని అడిగితే "మా బిడ్డకు" అన్నాను. దుకాణమాయన లోపలికి పోయి గులాబీ రంగు జత ఒకటి తెచ్చాడు. "కాలేజీ పిల్లలు గివే అడుగుతున్నరు" అన్నాడు. మా బిడ్డదీ నాదీ ఒకటే సైజని చెప్పి నేనే తొడుక్కుని చూశాను. వంగి లేసులు కట్టుకోలేక అవస్థ పడుతుంటే ఆయనే కట్టాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషిని, చీరలో ఉన్నాను, ఒళ్లు చూస్తే వడ్ల బస్తా. ఈ బూట్లు నాకే అని చెప్పడానికి సిగ్గేసింది. ఇంకో రంగు చూపించమనడానికి కూడా నోరు రాలేదు. అవే సంచిలో వేసుకుని బస్సెక్కాను.

నన్ను ఆ దుకాణం దాకా తీసుకుపోయింది ఒక తుమ్మముల్లు. ఒక సాయంత్రం పత్తి చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే బండ మీద నీళ్లు ఎర్రగా పారాయి. అరికాల్లో ముల్లు విరిగి ఉంది. ఎప్పుడు గుచ్చుకుందో నాకు తెలియదు. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని ముందు సంతోషపడ్డాను. తర్వాత మా అమ్మ గుర్తొచ్చింది. ఆమెకూ ఇట్లాగే నొప్పి లేకుండానే మొదలైంది. పుండు మానక, చివరికి కుడికాలి బొటనవేలు తీసేశారు. ఆ తర్వాత ఆమె ఎక్కడికి పోయినా ఆ కాలి చెప్పు జారిపోయేది, ఆగి మళ్లీ తొడుక్కునేది. నాకు షుగరుందని తెలిసి చాలా కాలమైంది కానీ, మాత్ర వేసుకుంటున్నాం కదా అని నేను దాని సంగతే మర్చిపోయాను.

మహబూబాబాద్‌ను మేము మానుకోట అనే అంటాం. అక్కడి డాక్టరు మా అమ్మ సంగతి విని, నన్ను కళ్లు మూసుకోమని సన్నటి దారం లాంటి దానితో పాదం మీద అక్కడక్కడా తాకించాడు. "తెలుస్తుందా?" అని అడుగుతూ పోయాడు. కొన్ని చోట్ల తెలిసింది. చాలా చోట్ల ఆయన తాకించాడో లేదో కూడా నాకు అర్థం కాలేదు. "ఇప్పటి నుంచి రోజూ నడవాలమ్మా. చెప్పులతో కాదు, బూట్లతో. షుగరు దిగితే స్పర్శ కొంత తిరిగొస్తది, రాకున్నా ఇంతకన్న పోకుంట ఉంటది. దిగకపోతే మీ అమ్మ సంగతి మీకు తెలుసు" అన్నాడు. రోజూ అరికాళ్లు చూసుకోవాలని కూడా చెప్పాడు. సరేనని తలూపాను.

అరికాలు చూసుకోవడం ఎంత కష్టమో ఇంటికొచ్చాక తెలిసింది. మంచం మీద కూర్చుని కాలు ఎత్తబోతే పొట్ట అడ్డం వచ్చింది. మోకాలు ఇటు తిరగదు, నడుము అటు వంగదు. నా అరికాలు నాకు కనబడక ఎన్నేళ్లయిందో లెక్క తెలియదు. అద్దం కింద పెట్టి చూశాను, చూరు కనబడింది. మా ఆయనను అడగొచ్చు. కానీ పెళ్లాం అరికాళ్లు పట్టుకుని చూసే మొగుడు మా వైపు ఇళ్లలో ఇంకా పుట్టలేదు. అడిగి ఆయనను ఇబ్బంది పెట్టడం ఎందుకని ఊరుకున్నాను.

మొదటి పొద్దు మా గల్లీ దాటి నీళ్ల ట్యాంకు దాకా పోయాను. అంతకే గుండె గొంతులో కొట్టుకుంది. పిక్కలు రాళ్లయ్యాయి. ట్యాంకు గోడ పట్టుకుని నిలబడి, చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ, ఏదో చూస్తున్నట్టు నటించాను. ఇరవయ్యేళ్లు పొలానికి బండి మీద పోయి బండి మీద వచ్చిన మనిషిని, నా ఊరు ఇంత పొడుగుందని అప్పుడే తెలిసింది.

నడవడం కన్నా కష్టం జవాబు చెప్పడం. మూలమీది ఇంటి అవ్వ తెల్లవారకముందే అరుగు మీద కూర్చుంటుంది. నన్ను చూసి "ఎవరన్న సచ్చిపోయిన్రా బిడ్డా?" అని అడిగింది. లేదవ్వా, ఊరికే నడుస్తున్నానన్నాను. "ఊకెనే ఎందుకు నడుస్తవ్?" అంది. బండి మీద పోతున్న ప్రతివాడూ ఆగి "ఎక్కు అక్కా, దింపుత" అన్నాడు. ఎక్కనంటే మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఒకామె ఇంట్లో ఏమన్నా పంచాయితీ అయిందా అని మెల్లగా అడిగింది. ఇంకొకామె మొక్కుందా అంది. చావుకో, కొట్లాటకో, దేవుడికో తప్ప మా ఇంటి ఆడమనిషి కాలినడకన వీధిలోకి ఎందుకొస్తుందో వాళ్లకు తోచలేదు. షుగరని చెప్పుకోవడం నాకిష్టం లేదు. చెబితే జాలిపడతారు. జాలి నాకు పడదు.

అందుకే బడి దాటి తండా బాట పట్టాను. అటు ఇళ్లు లేవు. ఒక పక్కన పత్తి, ఒక పక్కన మిరప, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. డోర్నకల్ జంక్షన్ వైపు నుంచి గూడ్సు బండ్ల కూత వినబడుతుంది. తండా మొదట్లో ఒక కల్వర్టు ఉంది. అక్కడిదాకా ఆగకుండా పోగలిగిన రోజు దాని మీద కూలబడి ఎగపోస్తుంటే, వడ్లు కాపలా కాస్తున్న లంబాడామె వచ్చి పక్కన కూర్చుంది. నాకన్నా పెద్దది. కాసేపు నా బూట్లు చూసి "షుగరా అక్కా?" అంది.

అవునన్నాను. తనకూ ఉందని చెప్పింది. ఎందుకో ఆమెకు అరికాళ్ల సంగతి కూడా చెప్పేశాను. "గంతేనా. సూపియ్యి" అని నా బూటు విప్పి, పాదం తన ఒళ్లో పెట్టుకుని, వేళ్ల సందులు కూడా చూసింది. "మంచిగనే ఉన్నది" అంది. ఆమె పాదాలు నేనూ చూశాను. తర్వాత రోజు నుంచి అదొక అలవాటయింది. మా ఇంట్లో ఎవరికీ ఈ మాట చెప్పలేదు. చెబితే ఏమంటారో నాకు తెలుసు.

ఇంతలో పంచాయతీ ఎలక్షన్లొచ్చాయి. మా ఊరి సర్పంచి సీటు ఆడవాళ్లకని తేలింది. ఇక ఊరికి నా నడక అర్థమైపోయింది. పొద్దున్నే వీధుల్లో తిరుగుతుంది, కనబడ్డవాళ్లను పలకరిస్తుంది, కాళ్లకు గులాబీ రంగు బూట్లు. మా దగ్గర ప్రతి పార్టీకీ ఒక రంగుంది, రంగు చూసి మనిషిని లెక్కగడతారు. "నిలబడ్తున్నవట గదా అక్కా" అని ఒకాయన వీధిలో మురుగు పొంగే మోరీ సంగతి చెప్పాడు, ఒకామె పింఛను సంగతి చెప్పింది. కాదంటే నవ్వారు. కాదని చెప్పడమే నిలబడేవాళ్ల మొదటి లక్షణమట. తండాలో మాత్రం ఎవరూ అడగలేదు. తండా ఇప్పుడు వేరే పంచాయతీ, వాళ్ల ఓట్లు మా ఊళ్లో లేవు.

మాతో ఒకే ఇంట్లో ఉండే మా మరిది రాజకీయాల్లో తిరుగుతాడు. ఈసారి సీటుకు తన భార్యను, అంటే నా యారాలిని, నిలబెడదామని ముందే అనుకున్నాడు. ఒక రోజు వచ్చి చాపమీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"వదినె, తప్పుగ అనుకోకు. ఒక్క ఇంట్ల నుంచి ఇద్దరు నిలబడ్తున్నరని ఊరంత అనుకుంటున్నరు. జర ఎలక్షన్లయ్యేదాక ఇంట్లనే నడువు. కావాలంటె వరంగల్ నుంచి నడిచే మిషిన్ తెప్పిస్త."

"నాకు మిషిన్ వద్దు."

"పోనీ ఆ బూట్ల రంగన్న మార్చు."

నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. మా ఆయన పేపరు చదువుతూ "నీ ఇష్టం" అన్నాడు. ఆయన ఇష్టం లేనప్పుడే ఆ మాట అంటాడు. మధ్యలో యారాలే తెలివిగా మాట్లాడింది. "అక్క నాతోని వస్తది. ఇద్దరం కలిసి తిరుగుతం. ఎవరు నిలబడ్తున్నరో అందరికి తెలుస్తది" అంది. పాపం మంచి పిల్ల, నా మీద ఎప్పుడూ మాట విసరలేదు. నాకూ అది బాగానే తోచింది. ఆమెకు ఓట్లు, నాకు నడక.

కానీ ఓట్లు అడగడంలో నడక లేదు. ఒక గడప దగ్గర ఆగడం, దండం పెట్టడం, మంచం మీద కూర్చోవడం, చాయ్ తాగడం, పక్క గడప ఎక్కడం. చాయ్ వద్దంటే ఓటు వద్దన్నట్టే. మా ఊళ్లో చాయ్ అంటే సగం చక్కెర. "నాకు వద్దు తల్లీ" అని నేనంటే ఇంటామె మొహం మారేది, యారాలు నా వైపు బతిమాలినట్టు చూసేది, నేను తాగేదాన్ని. ఒక ఇంట్లో చాయ్‌తో పాటు బూందీ లడ్డూ కూడా పెట్టారు. అదీ తిన్నాను. పొద్దెక్కి ఇంటికొచ్చేసరికి కాళ్లు అలిసిందీ లేదు, చెమట పట్టిందీ లేదు. అరికాళ్లు చూసేవాళ్లూ లేరు.

మానుకోట పోయి రక్తం చూపించుకుంటే తగ్గాల్సింది పెరిగింది. డాక్టరు కాగితం చూసి నా మొహం చూశాడు. "నడుస్తున్నరా? ఏం తింటున్నరు?" అన్నాడు.

"ఓట్ల చాయ్ తాగుతున్న సార్" అన్నాను.

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. నా కుడిపాదం ఎత్తి బొటనవేలి పక్కన చూపించాడు. చిన్న పొక్కు, చిట్లి తడిగా ఉంది. అది ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు. కట్టు కట్టించుకుని బయటికొచ్చి బస్టాండులో కూర్చున్నాను. భయమేసింది. అంత భయం నాకు కాన్పుల్లో కూడా వేయలేదు. చెప్పు జారిపోతే ఆగి తొడుక్కునే మా అమ్మే కళ్ల ముందు కనబడింది.

ఆ రోజే ఇంట్లో అందరూ ఉండగా చెప్పాను. పుండు మానగానే తండా బాటన నా నడక నేను నడుస్తాను, ప్రచారానికి రాను అని.

"ఇంకో నెలనే గదా వదినె. పోలింగ్ దాక ఆగు" అన్నాడు మరిది. "నువ్వు పక్కన లేకుంటె మళ్ల అదే మాట అంటరు. ఇల్లు రెండయిందంటరు."

"అననియ్యి. ఎలక్షన్లు మళ్ల వస్తయి. బొటనవేలు మళ్ల రాదు" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. మరిది లేచి వెళ్లిపోయాడు. పోలింగు దాకా నాతో మాట్లాడలేదు. మా ఆయన ఈసారి నీ ఇష్టం అనలేదు. పుండు మానాక నేను బాట పట్టాను. కల్వర్టు దగ్గర లంబాడామె "ఏమైంది, ఇన్నొద్దులు రాలే?" అని, చెప్పేలోపే బూటు విప్పింది. కొత్త చర్మం మీద వేలు పెట్టి చూసి నాలుక చప్పరించింది. నన్ను తిట్టింది కూడా, సగం వాళ్ల భాషలో. తిట్టించుకోవడం హాయిగా అనిపించింది.

యారాలు ఓడిపోయింది. కొద్ది ఓట్లతోనే. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. ఎవరూ నన్నేమీ అనలేదు కానీ, అందరి మనసులో ఏముందో నాకు వినబడుతూనే ఉంది. మా దగ్గర ఓడినవాళ్ల ఇంటి ఆడవాళ్లు కొన్నాళ్లు గడప దాటరు. దాటితే ఊరు చూస్తుంది.

తెల్లారి లేచి బూట్లు ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాను. ఈ రోజు ఆగితే రేపు ఆగడం ఇంకా సులువు, నా సంగతి నాకు తెలుసు. అట్లాగని ఇల్లంతా బాధలో ఉంటే నేను బూట్లు తొడుక్కుని బయలుదేరడం ఏం బాగుంటుంది. ఎటూ తేల్చుకోలేక కూర్చుంటే యారాలు లోపలి నుంచి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. నా పక్కన నేల మీద కూర్చుని, ఎడమ బూటు తీసి నా కాలికి తొడిగింది.

"పో అక్కా. నువ్వు ఇంట్ల కూసుంటె నేను గెలుస్తనా" అంది.

మంచు పడుతోంది. మూలమీది అవ్వ అరుగు మీదే ఉంది. నన్ను చూసి నిజంగా ఆశ్చర్యపోయింది. "అయిపోయినయి గదా బిడ్డా. ఇంకెవరి కోసం నడుస్తున్నవ్?"

"నాకోసం అవ్వా" అన్నాను.

 నాలుగడుగులు పోయి ఆ మాటను లోపల మళ్లీ అనుకుని చూశాను. బూట్ల దుకాణంలో రాని మాట అది. అంత పెద్దదేం కాదు.

బడి దాటాక కుడిపాదంలో ఏదో చురుక్కుమంది. ఆగాను. మళ్లీ అడుగేస్తే మళ్లీ చురుక్కుమంది. ఏమిటో ముందు అర్థం కాలేదు. కుంటుకుంటూ కల్వర్టు దాకా పోయి కూర్చుని, బూటు విప్పి, గబుక్కున కాలు ఎత్తి మోకాలి మీద పెట్టుకున్నాను. పెట్టుకున్నాకే తెలిసింది, పెట్టుకోగలిగానని. పొట్ట పక్కకు జరిగింది, నడుము వంగింది. నా అరికాలు నా కళ్ల ముందుంది. పగుళ్లు, ముల్లు గుచ్చుకున్న చోట నల్లటి మచ్చ, బొటనవేలి కింద ఎర్రగా ఒక చుక్క. బూటు దులిపితే కందిగింజంత కంకరరాయి రాలింది. నొచ్చింది. ఇంత చిన్న రాయి, నాకు నొచ్చింది. అక్కడే కూర్చుని ఏడ్చాను.

లంబాడామె వడ్ల కుప్ప దగ్గరి నుంచి పరుగున వచ్చింది. "ఏమైందక్కా? ఓడిపోయిన్రని ఏడుస్తున్నవా? ఏది కాలు, సూపియ్యి" అంది.

"నేను చూసుకున్న" అని రాయి ఆమె అరచేతిలో పెట్టాను. "గిది కుచ్చుకున్నది. నొచ్చింది."

ఆమె రాయిని చూసి, నన్ను చూసి, మెల్లగా నవ్వింది. "నొచ్చిందా" అని రెండుసార్లు అంది. రాయి తిరిగి నా చేతికిచ్చింది. దాన్ని పారేయబుద్ధి కాలేదు. కొంగున కట్టుకుందామా అని కూడా అనుకున్నాను. తర్వాత పారేశాను. ఆ బాట నిండా అవే ఉన్నాయి.