పొడంపేట ఒడ్డు మీది బిందువు

మొన్న దిగపహండిలో పెళ్లికి వెళ్తుంటే, కారు నడుపుతున్న మా మేనల్లుడు ఫోనులోని గొంతు ఎటు తిరగమంటే అటు తిరుగుతూ, దారి ఎవరినీ అడక్కుండానే మమ్మల్ని పందిరి ముందు దింపేశాడు. ఆ తెర మీది పటం చూస్తున్నంతసేపూ నాకు బరంపురంలో ఒక మేడ మీది గదిలో, కిటికీలకు నల్లగుడ్డలు కట్టుకుని మేం పటాలు తయారుచేసిన రోజులే కళ్ల ముందు ఆడాయి.

మా నాన్నగారు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఈ ఒడిశా ఊళ్లోనే స్థిరపడ్డారు. పెళ్లయి అదే ఊళ్లో లంజిపల్లిలో కాపురం పెట్టాక నేను పటాలు చేసే ఒక చిన్న కంపెనీలో చేరాను. ఉపగ్రహం ఒకే చోటును రెండు వైపుల నుంచి తీసిన ఫోటోలను ఆ చీకటి గదిలో ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే, అంతవరకూ పడుకున్న నేల లేచి కూర్చున్నట్టు ఎత్తుపల్లాలు కనపడేవి. మొదటిసారి చూసిన రోజు చెయ్యి చాపి ముట్టుకోబోయాను కూడా. అయితే కంటికి కనపడితే చాలదు, ఆ ఫోటోలను నేలకు కట్టెయ్యాలి. కల్వర్టు మూలో, బావి గట్టో, ఫోటోలోనూ నేల మీదా స్పష్టంగా తెలిసే చోట్లు ఎంచుకుని, జీపీఎస్‌తో కొలిచి, అవే చోట్లను రెండు ఫోటోల్లోనూ గుర్తుపెట్టి లెక్క నడిపిస్తే, ఏ బిందువు దగ్గర ఎంత తేడా వచ్చిందో కంప్యూటరు చెప్పేది.

ఒక ఏడాది మాకు ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటు పని వచ్చింది. తుఫాను వేళ అక్కడి పొడంపేట పల్లె జనం షెల్టరుకు వెళ్లడానికి రెండు దారులుంటే, వాటిలో ఏది ఎత్తు చేసి గట్టి రోడ్డు వెయ్యాలో మా పటం చూసి నిర్ణయిస్తారట. బిందువులన్నీ చక్కగా కుదిరాయి, ఊరి ఒడ్డు మీది ఒక్కటి తప్ప. ఎన్నిసార్లు లెక్క నడిపినా తేడా తగ్గక అది మొండికేసింది. గడువు తరుముకొస్తోంది. మా పెద్ద సారు ఒడియావారు, మంచి మనిషే, విసిగిపోయి, “ఛాడొ మా, వదిలెయ్యమ్మా, ఆ ఒక్కటీ తీసెయ్. మిగతావి బాగున్నాయి కదా” అన్నారు.

తీసేస్తే తేడా అంకె అందంగా తగ్గుతుంది, నిజమే. కానీ ఒడ్డు వైపు ఫోటోను పట్టి ఉంచేది ఆ బిందువొక్కటే. అది లేకపోతే అక్కడి ఎత్తులు తప్పినా తప్పని చెప్పే దిక్కుండదు. నాకు మనసొప్పక, ఒక్కసారి వెళ్లి చూసొస్తానన్నాను. అప్పటిదాకా మా ఆఫీసులో ఆడవాళ్లెవరూ కొలతలకు బయటికి వెళ్లలేదు. అయినా సారు సరేనన్నారు. మావారు సెలవు పెట్టి, జీపీఎస్ పెట్టెతో సహా నన్ను స్కూటరు మీద తీసుకెళ్లారు.

మా ఆఫీసువాళ్లు అంతకుముందు కొలిచినది చేపలు ఎండబెట్టే సిమెంటు అరుగు మూల. దాని చుట్టూ తిరుగుతుంటే, చేపలు తిరగేస్తున్న ఒక ముసలమ్మ నవ్వింది.

“ఏటి సూస్తన్నావే పాపా, అరుగు కొంటావేటి?”

పటం సంగతి చెప్పాను. ఆమె నవ్వు ఆపేసి, “మీ బొమ్మలో మావూ ఉన్నామేటి? సరిగ్గా ఎయ్యమ్మా. నీల్లొచ్చినప్పుడు పిల్లల్ని సంకనేసుకుని ఎటెల్లాలో తెల్దు మాకు” అంది.

సరిగ్గా అప్పుడే, చేపలు పక్కకు జరిపిన చోట, అరుగు మీద ఒక గీత కనపడింది. గీతకు ఇటువైపు సిమెంటు పాతది, నల్లబడింది. అటువైపు ఇంకా తెల్లగా ఉంది. అరుగును తర్వాత పెంచారన్నమాట! ఫోటో తీసినప్పుడున్న మూల వేరు, మా వాళ్లు కొలిచిన మూల వేరు. ఆ గీత చివర జీపీఎస్ కడ్డీ నిలబెట్టి మళ్లీ కొలిచాను.

మర్నాడు కొత్త కొలత ఎక్కించి లెక్క నడిపించాను. తేడా ఒక్కసారిగా ఫోటోలోని ఒక చుక్క కంటే తక్కువకు దిగిపోయింది. గదంతా చప్పట్లు. సారు కింద కొట్టు నుంచి అందరికీ ఛెనాపొడ మిఠాయి తెప్పించారు. పటం తయారయ్యాక తెలిసిందేమిటంటే, ఎత్తుగా ఉందని అందరూ నమ్మిన ఒడ్డు దారి నడిమధ్యలో పళ్లెంలా దిగి ఉంది. రోడ్డు రెండో దారిన వేశారు.

కొన్నేళ్లకు పెద్ద తుఫాను వచ్చింది. సముద్రం ఆ పల్లం మీదుగానే లోపలికి చొరబడింది. దారులు తెరిచాక పరుగున వెళ్లాను. పైకప్పులు లేని ఇళ్ల మధ్య ఆ ముసలమ్మ నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది.

“అందరం ఉన్నాం పాపా. కొత్త రోడ్డునే ఎల్లిపోనాం.”

ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు దక్కిన బిరుదు ఆ మాటే.

ఇప్పుడు సాఫ్ట్‌వేరు బిందువుల్ని చాలావరకు తనే ఏరుకుంటుందట. మాకు వారాలు పట్టిన పనిని మా తర్వాత వచ్చిన అమ్మాయి మధ్యాహ్నం భోజనంలోగా ముగించేస్తోంది. అది చూస్తే నాకు గర్వమే, అసూయ లేదు. ఒక్కటే దిగులు. నువ్వు పటం గీసిన ఊళ్లలో ఒక్కదానికైనా వెళ్లావా అని అడిగితే, ఆ పిల్ల ఆశ్చర్యంగా నా వైపు చూసి, ఎందుకు మేడమ్ అంది.